35 బార్ల గీత దాటకుండానే ఇసుక పోసిన బావి

ఈ కేసులో బావి పేరు, క్షేత్రం పేరు, సంస్థ పేరు ఉండవు. అంకెలను కూడా గుర్తుపట్టడానికి వీల్లేకుండా కాస్త సర్దాను. వాటి మధ్య నిష్పత్తులు మాత్రం చెడనివ్వలేదు, నేర్చుకోవలసింది వాటిలోనే ఉంది కనుక. ఆ క్షేత్రంలో బావుల పనితీరు చూసే ఇంజినీర్లలో నేనొకణ్ణి. ఇందులో దొర్లిన పొరపాట్లలో ఒకటి నాది.

నేపథ్యం

సముద్రంలో ప్లాట్‌ఫారం మీద నుంచి తవ్విన గ్యాస్ బావి ఇది. గ్యాస్ ఉన్న పొర గట్టిపడని ఇసుకరాయి. తవ్వేటప్పుడు పైకి తీసిన రాతి నమూనాను (కోర్) వేళ్ల మధ్య నలిపితే పొడి రాలేది. ఇలాంటి పొర నుంచి గ్యాస్‌ను ఊరికే లాగితే వెంట ఇసుక కూడా వస్తుంది. ప్రవాహాన్ని అదుపు చేసే చోక్‌ను తినేస్తుంది, పైపు వంపులను కోస్తుంది, గ్యాస్ నుంచి ద్రవాలను వేరుచేసే సెపరేటర్ అడుగున పేరుకుంటుంది. అందుకే కేసింగ్‌కు (బావి గోడగా నిలిచే ఉక్కు గొట్టానికి) రంధ్రాలు కొట్టి, లోపల స్క్రీన్ (సన్నని సందులున్న జల్లెడ గొట్టం) దించి, ఆ రెంటి మధ్య ఖాళీని, రంధ్రాలను గ్రావెల్‌తో (ఇసుకను ఆపే ముతక గుళికలతో) నింపారు.

పొర ఇసుక మధ్యస్థ పరిమాణం 0.11 మిల్లీమీటరు. గ్రావెల్ 20/40 రకం సిరామిక్, అంటే సుమారు 0.42 నుంచి 0.85 మిల్లీమీటరు గుళికలు. గ్రావెల్ మధ్యస్థ పరిమాణం పొర ఇసుకకు అయిదారు రెట్లు ఉండాలని 1974లో సాసియర్ అనే ఇంజినీరు చెప్పిన కొలతతోనే ఇప్పటికీ చాలామంది లెక్క మొదలుపెడతారు. ఇక్కడా అంతే. స్క్రీన్ సందు 0.3 మిల్లీమీటరు, గ్రావెల్ దూరలేనంత. రంధ్రాలు కొట్టిన పొడవు 24 మీటర్లు. మీటరుకు 39 చొప్పున 936 రంధ్రాలు, ఒక్కొక్కటి 19 మిల్లీమీటర్ల వ్యాసం. గ్రావెల్ నింపినప్పటి పంపింగ్ రికార్డు చూశాను, వంక పెట్టడానికేమీ లేదు.

రిజర్వాయర్ (గ్యాస్ నిల్వ ఉన్న పొర) పీడనం 240 బార్లు; ఒక బారు అంటే దాదాపు మామూలు గాలి పీడనమంత. బావి రోజుకు 15 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ ఇస్తున్నప్పుడు మొదట్లో డ్రాడౌన్ 20 బార్లు. డ్రాడౌన్ అంటే రిజర్వాయర్ పీడనానికీ, గ్యాస్ పారుతున్నప్పుడు బావి అడుగున ఉండే పీడనానికీ ఉన్న తేడా. ఏ బావిలోనూ అది 35 బార్లు దాటకూడదని క్షేత్రమంతటికీ ఒకే నియమం ఉండేది. కంట్రోల్ రూం గోడకు ఆ అంకెను పెద్ద అక్షరాలతో అంటించారు. ఎవరు, ఏ లెక్కతో ఆ 35ను నిర్ణయించారని అడిగితే మొదటి బావి నాటి నివేదిక చూడమన్నారు. ఆ నివేదికలో మరో క్షేత్రం అనుభవాన్ని ఉటంకించి వదిలేశారు.

బయటపడిన సమస్య

పద్నాలుగో నెలలో వెల్‌హెడ్ (బావి పైతల) దగ్గరి ఇసుక శబ్ద గ్రాహకం రీడింగు పెరిగింది. ఇసుక రేణువులు పైపు వంపుకు తగిలినప్పుడు పుట్టే సన్నని చప్పుడును ఈ పరికరం వింటుంది. అదే వారం చోక్ తెరిచి చూస్తే లోపలి అంచు మీద గోరుతో గీసినట్టు సన్నని గాడి కనిపించింది. అప్పటికి డ్రాడౌన్ 33 బార్లు.

కంట్రోల్ రూంలో షిఫ్టు చూస్తున్న ఆపరేటర్ గోడ వైపు చూపించి, "ముప్పై అయిదు దాటలేదు కదా సార్?" అన్నాడు. అతని తప్పేమీ లేదు. మేమిచ్చిన గీత అది, అతను దాటలేదు. అదే రేటు దగ్గర డ్రాడౌన్ 20 నుంచి 33కు ఎందుకు పెరిగిందన్నది మేము అడగవలసిన ప్రశ్న. పద్నాలుగు నెలలపాటు ఎవరమూ అడగలేదు.

ముందుగా చేసినవి, ఫలించనివి

అందరికీ ముందు తోచేది చోక్ బిగించడం. రేటును 12 లక్షలకు తగ్గిస్తే చప్పుడు సద్దుమణిగింది. రెండు వారాల తర్వాత గ్యాస్ అవసరం పెరగడంతో మళ్ళీ తెరిచారు. ఈసారి 14 లక్షల దగ్గరే చప్పుడు మొదలైంది. కొంతమంది గ్రాహకాన్నే అనుమానించారు. ఆ అనుమానం అర్థం లేనిది కాదు. గ్యాస్ వేగం పెరిగితే ఇసుక లేకపోయినా ప్రవాహపు హోరు పెరుగుతుంది, దాన్ని తీసివేయకుండా చదివితే ఉత్త హోరే ఇసుకలా కనిపిస్తుంది. కొలిచిన ఇసుకను పైపులోకి వదిలి గ్రాహకాన్ని మళ్ళీ సరిచూశాం. హోరు వాటా తీసేసి పాత రికార్డంతా తిరిగి లెక్కిస్తే ఆ పరికరం నాలుగు నెలలుగా నిజమే చెబుతోందని తేలింది. ఇసుక పద్నాలుగో నెలలో రాలేదు, పదో నెల నుంచే కొద్దికొద్దిగా వస్తోంది.

రెండో ప్రయత్నం ఆమ్ల చికిత్స. నా పొరపాటు ఇక్కడే. రంధ్రాల దగ్గర సన్నని మట్టి రేణువులు చేరి దారి మూసుకుపోతోందని, ఆమ్లం వేస్తే కరిగిపోతుందని వాదించినవారిలో నేనూ ఉన్నాను. రోగం ఏమిటన్నది సరిగ్గానే ఊహించాం. అది ఎందుకు వస్తోందో తెలుసుకోకుండా మందు వేశాం. కాయిల్డ్ ట్యూబింగ్ (చుట్టగా ఉండే సన్నని ఉక్కు గొట్టం) దించి ఆమ్లం పంపాక 15 లక్షల రేటు దగ్గర డ్రాడౌన్ 33 నుంచి 27కు దిగింది. పంతొమ్మిది రోజులు సంతోషంగా గడిచాయి. ఆ తర్వాత ఒక రాత్రి కంప్రెసర్ ట్రిప్ అయి, అంటే దానంతటదే ఆగిపోయి, ప్లాట్‌ఫారం మొత్తం ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టిన రెండు రోజుల్లో డ్రాడౌన్ తిరిగి 33కు చేరింది.

ఆమ్లం పని చేయలేదని సమావేశంలో తేల్చేశారు. స్క్రీన్ పోయింది, బావిని వర్కోవర్‌కు, అంటే లోపలి సరంజామా తీసి మరమ్మతు చేయడానికి, ఇవ్వాలని ఒక వర్గం అంది. డ్రాడౌన్ ఇంకా 35 లోపే ఉంది కాబట్టి నడిచినంత కాలం నడిపేద్దామని మరో వర్గం. రెండూ గుడ్డిగా చెప్పినవే అనిపించింది. నాకు రెండు వారాల గడువు ఇచ్చారు, ఈలోగా బావిని 9 లక్షల దగ్గర ఉంచమన్నారు.

స్క్రీన్ ఉందా, పోయిందా

మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి ముందు ఇది తేల్చుకోవాలి. స్క్రీన్‌కు చిల్లు పడితే పొర ఇసుక ఒక్కటే రాదు, మేము నింపిన గ్రావెల్ కూడా పైకి వస్తుంది. టెస్ట్ సెపరేటర్ ముందు ఇసుక వల పెట్టి మూడు రోజులు పోగైనదాన్ని కడిగి, ఆరబెట్టి, జల్లించాం. మొత్తం ఒక చెంచాడు. ఎక్కువ భాగం 45 మైక్రాన్ల కంటే సన్నని బూడిద రంగు పొడి. 100 మైక్రాన్ల దరిదాపు రేణువులు కొన్ని. వాటిని వడపోత కాగితం మీద పరిచి భూతద్దంతో వరసగా చూశాను. పొర ఇసుక రేణువులకు కోణాలుంటాయి, గాజు పెంకుల్లా మెరుస్తాయి. సిరామిక్ గుళికలు నున్నగా, గుండ్రంగా, పూసల్లా ఉంటాయి. ఒక్క పూస కనిపించినా వర్కోవర్ వర్గం చెప్పింది నిజమయ్యేది. మూడు రోజుల వలల్లో ఒక్కటీ లేదు.

దీన్ని బట్టి గ్రావెల్ నిలిచే ఉంది, స్క్రీన్ బతికే ఉంది, సన్నని రేణువులు మాత్రం వాటి గుండా దాటుతున్నాయి. వర్కోవర్ ఆలోచన పక్కన పెట్టాం. అంటే బావిని కాపాడుకోవడానికి ఇంకా సమయం ఉంది.

డ్రాడౌన్‌ను రెండు ముక్కలు చేయడం

కొలిచే డ్రాడౌన్ ఒక మొత్తం. అందులో కొంత పొరలో వందల మీటర్ల దూరం మీద ఖర్చవుతుంది. మిగతాది రంధ్రాలు, గ్రావెల్, వాటిని ఆనుకున్న పొర అంచు, అన్నీ కలిపి మీటరైనా లేని చోట ఖర్చవుతుంది. మొదటి వాటా వల్ల స్క్రీన్‌కు ఏ హానీ లేదు. రెండో వాటాయే ప్రమాదం. రంధ్రాలు, గ్రావెల్, స్క్రీన్ కలిసిన అమరికను కంప్లీషన్ అంటారు కనుక దీన్ని కంప్లీషన్ వాటా అంటాను. 35 బార్ల నియమం ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి తూచింది.

విడదీయడానికి వేర్వేరు రేట్ల దగ్గర పరీక్ష పెట్టాం. పాత పద్ధతి ప్రకారమైతే 15 లక్షల దాకా వెళ్లాలి. నేను ఒప్పుకోలేదు. కాపాడాలనుకునే బావిని పరీక్ష పేరుతో చంపకూడదు. 5, 8, 11 లక్షల దగ్గర ఆరేసి గంటలు పారించి, చివర బావి మూసి ఒక రోజు పీడనం ఎలా కోలుకుంటుందో చూశాం. అడుగున శాశ్వతంగా అమర్చిన పీడన గేజి ఉండటం మా అదృష్టం. అది రంధ్రాలకు 120 మీటర్ల పైన ఉంది కనుక ఆ మధ్యలోని గ్యాస్ స్తంభం బరువును, ఘర్షణను కలిపి సవరించాం. ఈ సవరణ మరిచిపోతే రెండు మూడు బార్లు అటూ ఇటూ అవుతాయి. మేము వెతుకుతున్న తేడాలు కూడా అంతే చిన్నవి.

బావిని ఆనుకున్న చోట ప్రవాహానికి కలిగే అదనపు అడ్డును కొలిచే అంకెను స్కిన్ అంటారు. గ్యాస్ బావిలో అది ఒకే అంకెగా ఉండదు. రేటుతో పాటు పెరుగుతుంది, ఎందుకంటే రంధ్రాల్లోని గ్రావెల్ గుండా గ్యాస్ సుడులు తిరుగుతూ పోతుంది, ఆ నష్టం వేగపు వర్గంతో పెరుగుతుంది. రేటుకు ఎదురుగా స్కిన్‌ను గీస్తే ఒక వాలు గీత వస్తుంది. గీత నిలువు అక్షాన్ని తాకే చోటు అసలు నష్టాన్ని చెబుతుంది, వాలు సుడుల నష్టాన్ని చెబుతుంది.

బావి కొత్తగా ఉన్నప్పటి పరీక్షతో పోల్చాను. వాలు 3.4 రెట్లయింది. అసలు నష్టం, జ్యామితి వల్ల వచ్చే వాటా తీసేశాక, 1.8 రెట్లయింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పడగానే ఆగిపోయాను. 1.8ని దానితోనే గుణిస్తే దాదాపు 3.2. పారే రంధ్రాల సంఖ్య తగ్గితే సరిగ్గా ఇలాగే జరగాలి: ఒక్కో రంధ్రం మీద భారం 1.8 రెట్లు, సుడుల నష్టం దాని వర్గం. ఉన్న రంధ్రాల్లోనే గ్రావెల్ మురికిపట్టి ఉంటే ఈ రెండూ ఇంత పొందికగా కదలవలసిన పని లేదు. ఇది నిరూపణ కాదు, బలమైన సూచన. అనుమానం మిగిలినప్పుడు రెంటిలో ప్రమాదకరమైనదాన్నే నిజమనుకోవడం నా అలవాటు. అంటే రంధ్రాలే మూసుకుపోయాయనుకున్నాను.

15 లక్షల దగ్గర లెక్క ఇలా తేలింది. కొత్తలో 20 బార్లలో పొర వాటా 13, కంప్లీషన్ వాటా 7. ఇప్పుడు 33లో పొర వాటా 14, కంప్లీషన్ వాటా 19. మొత్తం ఒకటిన్నర రెట్లు కాస్త దాటితే, ప్రమాదపు వాటా రెండు రెట్లు దాటి మూడు రెట్ల వైపు నడుస్తోంది. కొత్తలోనే రంధ్రాల్లో సగం మాత్రమే పారుతున్నట్టు గ్రావెల్ నష్టపు సూత్రం చెప్పింది, ఇది మామూలే. ఇప్పుడు నాలుగోవంతు కాస్త మించి పారుతున్నాయి.

వేగం తక్కువే, మరి భయం ఎందుకు

ఇక్కడ ఒక తోటి ఇంజినీరు మంచి అభ్యంతరం లేవనెత్తాడు. బావి అడుగు పీడనం దగ్గర 15 లక్షలంటే సెకనుకు 0.094 ఘనపు మీటర్లు. రంధ్రాలన్నీ పారితే సగటు వేగం సెకనుకు 0.35 మీటర్లు, ఇప్పుడున్న రంధ్రాలతో 1.25. గ్రావెల్ ప్యాక్‌లకు కేసింగ్ రంధ్రం దగ్గర సెకనుకు 10 అడుగులు, అంటే దాదాపు 3 మీటర్లు, అన్న పరిమితి వాడుకలో ఉంది. దానికి సగం కూడా చేరలేదు, ఇక భయమెందుకు అన్నాడు. ఇంకొకరు అమెరికన్ పెట్రోలియం సంస్థ ప్రమాణమైన ఏపీఐ ఆర్‌పీ 14ఈలోని కోత వేగం (పైపు అరగడం మొదలయ్యే వేగం) సూత్రం తెచ్చారు. దాన్ని పక్కన పెట్టాం. అది ప్లాట్‌ఫారం మీది పైపుల కోసం రాసినది. అందులోని 100 అనే గుణకం ఘనపదార్థాలు లేని ప్రవాహానికి. దాన్ని ఇసుకను ఆపే స్క్రీన్ దగ్గరికి దించే అలవాటు ఎందుకు పోదో నాకు అర్థం కాదు.

మొదటి అభ్యంతరానికి జవాబు చెప్పాలి. 1.25 అన్నది గ్రావెల్ చెక్కుచెదరని రంధ్రాల్లోని వేగం. అవన్నీ పక్కపక్క దారులు. అన్నిటి మీదా ఒకే పీడన భేదం, అందుకే అన్నిటిలో వేగం దాదాపు ఒకటే. ఒక్క రంధ్రంలో గ్రావెల్ కదిలి ఖాళీ ఏర్పడిందనుకోండి. మిగతావి మూసుకుపోయిన కొద్దీ పెరిగిన ఆ పీడన భేదమంతా ఇప్పుడు ఈ ఒక్క ఖాళీ దారిని తోస్తుంది. ఏ అడ్డూ లేకపోతే 19 బార్లు ఆ సాంద్రత గల గ్యాస్‌ను సెకనుకు 150 మీటర్లకు పైగా వేగంతో విసరగలవు. నిజంగా అంత వేగం రాదు, స్క్రీన్ ముందున్న గ్రావెల్ ఆపుతుంది. అందులో పదో వంతు వచ్చినా స్క్రీన్ మీద ఒకే చోట ఇసుకతో గురిపెట్టి కొట్టినట్టే. సగటు వేగం ఈ రోజు పరిస్థితిని చెబుతుంది. కంప్లీషన్ మీది పీడన భేదం ఒక రంధ్రం తప్పిపోయిన రోజున ఎంత దెబ్బ తగులుతుందో చెబుతుంది. రెండు పరిమితులూ పెట్టాలని, ఏది ముందు తగిలితే అదే గీత అని అందరం ఒప్పుకున్నాం. మా బావిలో ముందు తగిలింది రెండోది.

మెట్లు

రంధ్రాలు ఎందుకు మూసుకుపోతున్నాయన్నది ఇంకా మిగిలింది. పద్నాలుగు నెలల గేజి రికార్డును రేటు ప్రభావం తీసేసి ఒకే పొడవాటి పటంగా గీశాను. నున్నగా ఎక్కే వాలు కనిపిస్తుందనుకున్నాను. కనిపించినవి మెట్లు. నెలల తరబడి చదునుగా ఉండి, ఒక్కసారిగా రెండు బార్లు ఎక్కి, మళ్ళీ చదునవుతున్నాయి. మొత్తం ఆరు మెట్లు.

షట్‌డౌన్ల జాబితా తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఆ కాలంలో పది షట్‌డౌన్లు. ప్రతి మెట్టూ ఒక షట్‌డౌన్ తర్వాతే వచ్చింది. మరి మిగతా నాలుగు? లాగ్ పుస్తకాలు తిరగేస్తే తేడా దొరికింది. మెట్టు పడిన ఆరుసార్లూ బావిని గంటలోపే పూర్తి రేటుకు తెచ్చారు. మెట్టు పడని నాలుగుసార్లు నాలుగు గంటలకు పైగా పట్టింది. ఎవరో జాగ్రత్తగా తెరిచినందువల్ల కాదు, కంప్రెసర్ సిద్ధంగా లేనందువల్ల ఆగి ఆగి తెరవాల్సి వచ్చింది. యంత్రం బద్ధకమే బావిని కాపాడింది.

ఆమ్లం వేసిన పంతొమ్మిదో రోజు ట్రిప్ కూడా ఇక్కడే అర్థమైంది. ఆ రాత్రి బావిని నలభై నిమిషాల్లో 15 లక్షలకు తెచ్చారు. మూసి ఉన్న బావిని ఒక్కసారి తెరిస్తే రంధ్రం అంచున పీడనం పొర లోపలి కంటే ముందు పడిపోతుంది. ఆ కొద్ది సేపు అక్కడి పీడనపు వాలు మామూలు ప్రవాహంలో ఎన్నడూ లేనంత నిటారుగా ఉంటుంది. సన్నని రేణువులు కదిలి రంధ్రం నోటి దగ్గర చేరతాయి. ఆమ్లం విఫలం కాలేదు, అది తెరిచినదాన్ని మేము మళ్ళీ పూడ్చేశాం.

పనిచేసింది

పీడన భేదానికి గీత ఎక్కడ గీయాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు. బావి చరిత్రనే అడిగాను. హోరు తీసేసిన చప్పుడు రికార్డులో ఇసుక మొదట నిలకడగా కనిపించింది కంప్లీషన్ వాటా 14 బార్లు దాటినప్పుడు. అందుకే రేటు 12 లక్షలకు దించినప్పుడు, వాటా 13 దగ్గర, చప్పుడు ఆగింది. 14 లక్షల దగ్గర, వాటా దాదాపు 17కు చేరి, తిరిగి వచ్చింది. కొంత ఎడం పెట్టి పరిమితిని 12 బార్లుగా నిర్ణయించాం. దానికి సరిపోయే రేటు 11 లక్షలు, అక్కడ కంప్లీషన్ వాటా 11.3.

తెరిచే పద్ధతీ మారింది. బావి ఎన్ని గంటలు మూసి ఉన్నా సరే, 3 లక్షల దగ్గర మొదలు. ఒక్కో లక్ష పెంచి కనీసం అరగంట, చప్పుడు మామూలు స్థాయికి దిగేదాకా, ఆగాలి. దిగకపోతే పైమెట్టు ఎక్కకూడదు. మామూలుగా అయిదారు గంటలు పడుతుంది. దీని మీద జరిగినంత గొడవ రేటు తగ్గింపు మీద కూడా జరగలేదు. షిఫ్టు సూపర్‌వైజరు, "పైనుంచి ఫోన్లు వస్తాయి, వాళ్లకు మీరే చెప్పుకోండి" అన్నారు. నిజమే, మొదటి మూడుసార్లూ నేనే మాట్లాడవలసి వచ్చింది.

రోజుకు 4 లక్షల ఘనపు మీటర్లు వదులుకోవడానికి యాజమాన్యం ఊరికే ఒప్పుకుంటుందా? కొంత ఊరట పక్క బావి నుంచి దొరికింది. దాని పొర బిగువైనది, గ్యాస్‌ను సులువుగా పారనివ్వదు. 8 లక్షలకే డ్రాడౌన్ 35 బార్లకు చేరేది, అందుకే ఏళ్లుగా అక్కడే కట్టేసి ఉంచారు. అదే పద్ధతిలో పరీక్షిస్తే ఆ 35లో 29 పొరలోనే ఖర్చవుతోంది, కంప్లీషన్ వాటా 6 మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న బావిని ఆపి, జబ్బుపడిన బావిని పరుగెత్తించిన నియమం అది. పొర రాయి బలం, పొర కుంగితే కేసింగ్ మీద పడే ఒత్తిడి విడిగా సరిచూసుకుని దాన్ని 10 లక్షలకు తీసుకెళ్లాం. డ్రాడౌన్ 45 దరిదాపుకు చేరింది, కంప్లీషన్ వాటా 9 దాటలేదు. రెండు బావులూ కలిపి చూస్తే నష్టం రోజుకు 2 లక్షలు మిగిలింది. దాన్ని దాచకుండా నివేదికలో మొదటి పేజీలోనే రాశాను.

తర్వాత

ఆ తర్వాత పదహారు నెలల్లో ఎనిమిది షట్‌డౌన్లు వచ్చాయి. పటంలో ఒక్క మెట్టే పడింది, అది అర బారు. ఆ రోజు లాగ్ చూస్తే 7 లక్షల మెట్టు దగ్గర పది నిమిషాలే ఆగారు. వల నెలకోసారి పెడుతున్నాం, సిరామిక్ పూస ఇప్పటిదాకా దొరకలేదు. ఆమ్లం మళ్ళీ వేయాలా అన్నది ఇంకా తేలలేదు. ఈసారి వేస్తే మూసుకున్న రంధ్రాలకు చేరేలా మళ్లించే ఏర్పాటు లేకుండా వేయనివ్వను. ఏర్పాటు లేకపోతే తెరిచి ఉన్న రంధ్రాలే ఆమ్లమంతా తాగేస్తాయి.

గోడ మీది 35 తీసేశాం. దాని చోట అంకె పెట్టలేదు, ప్రతి మూడు నెలలకు మారే ఒక పట్టిక పెట్టాం. ఎందుకంటే రిజర్వాయర్ పీడనం పడిపోయే కొద్దీ గ్యాస్ పలచబడుతుంది, పైన కొలిచే అదే 11 లక్షలు అడుగున ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, వేగం పెరుగుతుంది. ఒక్క రంధ్రం కూడా కొత్తగా మూసుకోకపోయినా రేటు అలాగే ఉంచితే కంప్లీషన్ వాటా పెరుగుతుంది. రిజర్వాయర్ పీడనం 215 బార్లకు దిగాక చేసిన లెక్కలో 11 లక్షల దగ్గర అది 12.6 వచ్చింది. పట్టికలో ఇప్పుడున్న రేటు 10.7 లక్షలు. బావిలోకి నీరు రావడం మొదలైతే రేణువులను పట్టి ఉంచే బిగువు మారిపోతుంది కనుక ఆ రోజున ఈ పట్టికను చింపేసి పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయాలని దాని అడుగునే ఎర్ర సిరాతో రాసి ఉంచాను.